కొత్త గోల్ఫ్ ఐరన్ సెట్ ఎలా ఎంచుకోవాలి: హ్యాండీక్యాప్ 15 నుంచి 28 మధ్య ఉన్నవాళ్ళకి

మూడేళ్ళ కిందట ఓ శనివారం మధ్యాహ్నం బెంగళూరులో ఒక షాపులో సిమ్యులేటర్ ముందు నిలబడి, కొత్త సెవెన్ ఐరన్‌తో (లోహపు తల ఉన్న గోల్ఫ్ క్లబ్బుల్లో ఏడో నంబరుది) ఒక బంతిని 166 గజాలు కొట్టాను. నా పాత సెవెన్ ఐరన్ 145 దాటేది కాదు. తెరమీద ఆ అంకె చూసి సెట్ మొత్తం కొనేశాను. నాలుగు నెలలు తిరిగేసరికి హ్యాండీక్యాప్ (ఆటగాడి స్థాయి చెప్పే అంకె, ఎంత తక్కువైతే అంత మంచిది) 19 నుంచి 21కి వెళ్ళింది. సెట్‌లో లోపమేమీ లేదు. ఆ రోజు దాదాపు 20 బంతులు కొట్టాను, చూసింది మాత్రం ఒక్కదాన్నే. మిగతావి ఎక్కడ పడ్డాయో ఎవరూ అడగలేదు, నేనూ చూసుకోలేదు.

రెండో సెట్ కొనడానికి ఎనిమిది నెలలు తీసుకున్నాను. ఆ ఎనిమిది నెలల్లో నేర్చుకున్నది, మీరు చేసుకోగలిగే వరుసలో రాస్తున్నాను.

అసలు ఇప్పుడు కొనాలా?

కోచ్ మీ గ్రిప్పో స్వింగో మారుస్తున్న రోజుల్లో కొనకండి. ఈ నెల స్వింగ్‌కి తగిన షాఫ్టు (క్లబ్ కర్ర), లై యాంగిల్ (నేలకీ ఆ కర్రకీ మధ్య కోణం) మూడు నెలల తర్వాతి స్వింగ్‌కి సరిపోకపోవచ్చు. హ్యాండీక్యాప్ 28 దాటి ఉంటే ఆ డబ్బుతో ముందు పాఠాలు చెప్పించుకోండి. కొత్త ఐరన్ల కన్నా అవే ఎక్కువ స్ట్రోకులు తగ్గిస్తాయి.

మన తెలుగువాళ్ళలో చాలామందికి మొదటి సెట్ అమెరికాలో ఉన్న అన్నయ్యో బావగారో పంపినదే అయి ఉంటుంది. ప్రేమగా పంపినదే, కాకపోతే ఆయన ఎత్తుకి, ఆయన చేతుల పొడవుకి తీసుకున్నది. అలాంటి సెట్ ఉంటే కొత్తది వెతికేముందు ఒక మంచి క్లబ్ రిపేర్ మనిషి దగ్గరికి తీసుకెళ్ళి లాఫ్టు (క్లబ్ ముఖం వెనక్కి వాలిన కోణం), లై, పొడవు కొలిపించండి. అరిగిన గ్రిప్పులు మార్పించి, లై సరిచేయించుకుని, కొత్త సెట్ ఆలోచనే మానుకున్నవాళ్ళు నాకు తెలుసు.

ఐదు రౌండ్లు రాసుకోండి

ఐరన్‌తో కొట్టిన ప్రతి షాటుకీ మూడు మాటలు చాలు: ఏ ఐరన్, ఎంత దూరం ఉంది, బంతి ఎక్కడికి పోయింది. స్కోరు కార్డు వెనకే రాసుకోవచ్చు. ఫోన్‌లో యాప్‌లున్నాయి కానీ, మన కోర్సుల్లో అంతకన్నా మంచి సాధనం బ్యాగు మోసుకుని మనతో నడిచే క్యాడీ. నాతో నడిచే క్యాడీ కోలార్ వైపు మనిషి, ఇంట్లో తెలుగే మాట్లాడతాడు. నాకన్నా పదేళ్ళు పెద్ద. "అన్నా, నా సెవెన్ ఎంత పోతుందంటావు?" అని అడిగితే ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మీరు 150 అనుకుంటున్నారు సార్. బాగా తగిలితే పోతుంది. ముందు ఇసుక బంకర్‌లో పడేవి కూడా కలిపితే 138 సార్."

నేను కొనాల్సింది ఆ 138 కొట్టే మనిషికి. ఐదు రౌండ్ల చీటీలు ముందేసుకుని చూస్తే నా ఐరన్ షాట్లలో గ్రీన్‌కి (జెండా ఉండే నున్నటి పచ్చికకి) ముందే ఆగిపోయినవి సగానికి పైగా ఉన్నాయి. గ్రీన్ దాటి వెనక్కి పోయినవి మూడు. మీ చీటీల్లో ఏముందో చూడండి. ఎడమా కుడీ ఎక్కువ పోతుంటే లై యాంగిల్ వైపు, ముందే ఆగుతుంటే బంతి ఫేస్ (క్లబ్ తలలో బంతిని కొట్టే ముఖం) మీద ఎక్కడ తగులుతోంది అన్నవైపు చూడాలి.

ఫేస్ మీద గుర్తు చూడండి

మెడికల్ షాపులో దొరికే ఫుట్ పౌడర్ స్ప్రే ఒకటి కొనండి. ఫేస్ మీద పలచగా కొట్టి పది బంతులు ఆడితే ప్రతిదీ తన గుర్తు వదిలిపెడుతుంది. ఆ పది గుర్తుల్ని ఫోటో తీసుకోండి. ఒక రూపాయి నాణెం అంత చోట్లో ఏడెనిమిది ఉంటే మీకు చాలా రకాల ఐరన్లు పనికొస్తాయి. టో (తల కొస) నుంచి హీల్ (షాఫ్టు కలిసే వైపు) దాకా చెల్లాచెదురుగా ఉంటే మీకు కావాల్సింది అంచుల్లో బరువున్న తల.

ఈ అంచుల బరువు సంగతి ఇంజనీర్లకి వెంటనే అర్థమవుతుంది. జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసిన కార్స్టెన్ సోల్‌హైమ్ అనే ఇంజనీరు 1959లో పింగ్ కంపెనీ పెట్టాడు. లోహాన్ని తల మధ్యలోంచి తీసి అంచులకి జరిపితే, బంతి పక్కకి తగిలినా తల తక్కువ తిరుగుతుందన్నది ఆయన పట్టుకున్న సూత్రం. మొదట పుటర్లలో (గ్రీన్ మీద బంతిని దొర్లించే క్లబ్బుల్లో), తర్వాత ఐరన్లలో పెట్టాడు. ఈనాటి క్యావిటీ బ్యాక్ (వెనక గుంట ఉన్న) ఐరన్లన్నీ ఆ దారిలో వచ్చినవే. వీటితో మీ మంచి షాటు ఇంకా మంచిదైపోదు. టో మీద తగిలిన బంతి 20 గజాలు తగ్గాల్సింది పదే తగ్గుతుంది, అంతే. మన స్థాయిలో ఆ పది గజాలే బంకర్‌కీ గ్రీన్‌కీ మధ్య తేడా.

అడుగున ఉన్న అంకెని నమ్మకండి

నేను దెబ్బతిన్నది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

ఐరన్ అడుగున 7 అని ఉంటుంది. ఆ 7కి ఏ కొలతా లేదు, కంపెనీ ఇష్టం. టైటిలిస్ట్ టీ100లో సెవెన్ ఐరన్ లాఫ్టు 34 డిగ్రీలు. పింగ్ జి430లో 29. టీ100 సిక్స్ ఐరన్ 30 డిగ్రీలు. అంటే ఒక కంపెనీ సెవెన్ అని అమ్మేది, ఇంకో కంపెనీ సిక్స్ కన్నా కూడా నిటారుగా ఉంది. షాపులో మీ పాత సెవెన్ పక్కన కొత్త సెవెన్ కొట్టించి "20 గజాలు పెరిగింది" అంటే, మీరు పోల్చింది పాత సెవెన్‌ని దాదాపు పాత సిక్స్‌తో అని గుర్తుపెట్టుకోండి.

ఇందులో మోసమేమీ లేదు. ఈ కొత్త తలల్లో బరువు కిందికి, వెనక్కి ఉంటుంది కాబట్టి బంతి తేలిగ్గా పైకి లేస్తుంది. పాత లాఫ్టులే ఉంచితే మరీ ఎత్తుకి పోతుందని లాఫ్టు తగ్గిస్తారు. స్వింగ్ వేగం ఉన్నవాళ్ళకి అది చక్కగా పనిచేస్తుంది. వేగం తక్కువున్నవాళ్ళకి మాత్రం బంతి తక్కువ ఎత్తులో, తక్కువ స్పిన్‌తో పోయి, గ్రీన్ మీద పడ్డాక పరిగెడుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో గ్రీన్లు గట్టిపడ్డప్పుడు నా బంతులు గ్రీన్ ముందు భాగంలో పడి వెనక రఫ్‌లోకి (పొడుగు గడ్డిలోకి) దొర్లిపోవడం ఎన్నిసార్లు చూశానో.

రెండో ఇబ్బంది వెడ్జ్‌ల (దగ్గరి షాట్లకి వాడే, లాఫ్టు ఎక్కువున్న క్లబ్బుల) దగ్గర. సెవెన్ లాఫ్టు తగ్గితే పిచింగ్ వెడ్జ్‌దీ తగ్గుతుంది. జి430లో పిచింగ్ వెడ్జ్ 41 డిగ్రీలు, టీ100లో 46. నా దగ్గర పాత 56 డిగ్రీల శాండ్ వెడ్జ్ ఉండేది. కొత్త పిచింగ్ వెడ్జ్ 122 పోయేది, శాండ్ వెడ్జ్ 80. ఈ రెంటి మధ్య 42 గజాల ఖాళీ. సరిగ్గా 100 గజాల దగ్గర, నాలాంటివాడు స్కోరు కూడగట్టుకోవాల్సిన చోట, బ్యాగులో క్లబ్బే లేదు.

కాబట్టి షాపుకి వెళ్ళేముందు మీ పాత సెట్ లాఫ్టులు, చూడబోయే సెట్ల లాఫ్టులు పక్కపక్కన ఒక కాగితం మీద రాసుకోండి. కంపెనీల వెబ్‌సైట్లలో ఉంటాయి. తర్వాత లాఫ్టుని లాఫ్టుతోనే పోల్చండి, అంకెని అంకెతో వద్దు.

ఏ రకం తల

బ్లేడ్లని (అంచుల బరువు లేని సన్నటి తలల్ని) పక్కనపెట్టండి. చూడ్డానికి ఎంత అందంగా ఉన్నా ఇప్పుడు మనవి కావు.

మిగిలినవాటిలో పెద్ద తల, వెడల్పు సోల్ (తల అడుగు భాగం), కొంచెం ఆఫ్‌సెట్ (ఫేస్ షాఫ్టు కన్నా కాస్త వెనక్కి ఉండటం) ఉన్న గేమ్ ఇంప్రూవ్‌మెంట్ రకం ఒకటి. లోపల బోలుగా ఉండి పైకి సన్నగా కనిపించే ప్లేయర్స్ డిస్టెన్స్ రకం ఇంకొకటి. 20 పైన హ్యాండీక్యాప్ ఉంటే మొదటిదాంట్లోనే వెతకండి. 15 దగ్గరున్నవాళ్ళు రెండూ కొట్టి చూడొచ్చు. ఆఫ్‌సెట్ ఉంటే బంతి కుడికి పోయే జబ్బు కాస్త తగ్గుతుంది. మీ బంతి ఇప్పటికే ఎడమకి పోతుంటే ఆఫ్‌సెట్ తక్కువున్నది చూడండి.

ఫోర్జ్‌డా (సాగగొట్టి చేసిందా), క్యాస్టా (పోతపోసిందా) అన్న చర్చలో ఎక్కువ సేపు ఉండకండి. చేతికి తెలిసే హాయి ఫోర్జ్‌డ్‌లో ఉంది, నిజమే. దానికన్నా పనికొచ్చే తేడా ఏమిటంటే మెత్తటి కార్బన్ స్టీల్ ఫోర్జ్‌డ్ తలల్ని లై యాంగిల్ కోసం వంచడం తేలిక. క్యాస్ట్ స్టెయిన్‌లెస్ తలలు, బోలు తలలు అన్నీ అంతగా వంగవు. ఎంతవరకు వంచొచ్చో ఆర్డర్ పెట్టేముందే అడగాలి.

సోల్ గురించి మాత్రం ఆలోచించండి. మీ డివాట్ (క్లబ్ తగిలి ఊడే పచ్చిక ముక్క) లోతుగా పోతుంటే, అంటే క్లబ్ నిట్టనిలువుగా దిగుతుంటే, వెడల్పు సోల్ మిమ్మల్ని కాపాడుతుంది. వర్షాకాలంలో మన ఫెయిర్‌వేలు మెత్తబడ్డప్పుడు ఇది బాగా తెలుస్తుంది. గడ్డిని తుడిచినట్టు కొట్టేవాళ్ళకి, ఎండాకాలపు గట్టి నేల మీద అదే వెడల్పు సోల్ ఎగిరి బంతి నడుముకి తగలొచ్చు. నేను రెండో సెట్‌ని ఆగస్టులో ఒకసారి, మళ్ళీ ఫిబ్రవరిలో ఒకసారి అడిగి తీసుకుని ఆడి చూశాను. అంత ఓపిక లేకపోయినా ఒక్కసారైనా మ్యాట్ మీద కాకుండా గడ్డి మీద కొట్టకుండా కొనకండి. బంతికి వెనక నేలని తాకినా మ్యాట్ మీద క్లబ్ జారి బంతికి తగులుతుంది, తెరమీద మంచి అంకే వస్తుంది. గడ్డి మీద అదే స్వింగ్‌కి బంతి 40 గజాలు కూడా పోదు.

షాఫ్టు

ఆర్, ఎస్ అనే ఫ్లెక్స్ (షాఫ్టు ఎంత వంగుతుందో చెప్పే) అక్షరాలకి కూడా అందరూ ఒప్పుకున్న కొలత లేదు. ఒక కంపెనీ ఆర్ ఇంకో కంపెనీ ఎస్ అంత గట్టిగా ఉండొచ్చు. ముందు బరువు చూడండి. ట్రూ టెంపర్ డైనమిక్ గోల్డ్ ఎస్300 దాదాపు 130 గ్రాములు. నిప్పాన్ 950జీహెచ్ 100 గ్రాముల లోపు. గ్రాఫైట్‌లో 50 నుంచి 80 గ్రాముల దాకా చాలా ఉన్నాయి. 18 హోల్స్ నడిచి ఆడేవాళ్ళకి పద్నాలుగో హోల్ దగ్గర ఈ తేడా ఏమిటో చేతులు చెప్తాయి. అందుకే షాఫ్టుని 40 బంతులు కొట్టి అలిసిపోయాక ఇంకోసారి పరీక్షించండి. సెవెన్ ఐరన్‌తో 130 గజాల లోపు కొట్టేవాళ్ళు, మోచేయి నొప్పి ఉన్నవాళ్ళు గ్రాఫైట్ వాడటానికి మొహమాటపడకండి. అది ముసలివాళ్ళ షాఫ్టు అనే మాట ఇంకా కొన్ని చోట్ల వినిపిస్తుంది. దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

పరీక్ష రోజు

సొంత సెవెన్ ఐరన్ తీసుకెళ్ళండి. ముందు దాంతో పది బంతులు, తర్వాత ఒక్కో కొత్త తలతో పదేసి. పాడైన షాటుని "ఇది లెక్కలోకి రాదులెండి" అని తీసేయనివ్వకండి. ఫిట్టర్ (క్లబ్బుని మీకు సరిపెట్టే షాపు మనిషి) మర్యాద కోసం తీసేస్తానంటాడు, వద్దని చెప్పండి. పది అంకెలూ రాసుకోండి.

నా కాగితం ఇంకా దాచుకున్నాను. మొదటి తలతో అన్నిటికన్నా పొడవు 158, అన్నిటికన్నా తక్కువ 121. రెండో తలతో 150, 136. మొదటిసారి సెట్ కొన్నప్పటి మనిషినైతే 158 చూసి మొదటిదే తీసుకునేవాణ్ణి. ఈసారి రెండోది తీసుకున్నాను.

క్యారీ (బంతి గాల్లో పోయే దూరం) తర్వాత చూడాల్సింది బంతి దిగే కోణం. లాంచ్ మానిటర్ (బంతి వేగం, ఎత్తు కొలిచే యంత్రం) చూపిస్తుంది, లేదంటే అడగండి. సెవెన్ ఐరన్‌కి 45 డిగ్రీల దగ్గర ఉంటే గ్రీన్ మీద ఆగే అవకాశం బాగుంటుంది. 38, 39 వస్తుంటే ఎంత దూరం పోయినా ఆ ఐరన్ మీకు పనికిరాదు, లేదా ఇంకాస్త లాఫ్టున్న తల చూడాలి.

బెంగళూరులో ఉన్నవాళ్ళకి ఇంకో మాట. మన ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. గాలి పలచన కాబట్టి బంతి మూడు, నాలుగు శాతం ఎక్కువ పోతుంది. 150 గజాల షాటుకి ఐదు గజాలు. ఇండోర్ లాంచ్ మానిటర్లలో ఎత్తు ఎంతని పెట్టాలో ఒక సెట్టింగ్ ఉంటుంది. అది సముద్రమట్టం అని ఉందా, బెంగళూరు అని ఉందా అడగండి. ఒక షాపులో ఒకలా, ఇంకో షాపులో ఇంకోలా ఉంటే మీరు రెండు సెట్లని కాదు, రెండు సెట్టింగ్‌లని పోలుస్తున్నట్టు. చెన్నైకి ఆడటానికి వెళ్తే ఆ ఐదు గజాలూ తిరిగి ఇచ్చేయాలి. రేంజ్ బంతులు (ప్రాక్టీసు చోట ఇచ్చేవి) అసలు బంతుల కన్నా తక్కువ పోతాయి కాబట్టి, వీలైతే మీరు రోజూ ఆడే బంతులు ఓ ఆరు వెంట తీసుకెళ్ళండి.

లై యాంగిల్

బంతి మీద నల్ల మార్కర్‌తో నిలువుగా ఒక గీత గీయండి. ఆ గీత ఫేస్ వైపు నిలబడేలా బంతిని పెట్టి కొట్టండి. గీత ఫేస్ మీద అచ్చు పడుతుంది. సోల్‌ని సమంగా పట్టుకుని చూస్తే అచ్చు నిలువుగా ఉంటే లై సరిపోయినట్టే. పై కొస టో వైపు వాలితే మీకు క్లబ్ మరీ నిటారుగా ఉంది. కుడిచేతి వాటం వాళ్ళకి బంతి ఎడమకి పోతుంది. హీల్ వైపు వాలితే చదునుగా ఉంది, బంతి కుడికి పోతుంది. ఐదారు బంతులు కొట్టి చూడండి, ఒక్కదాన్ని నమ్మొద్దు.

మణికట్టు నుంచి నేల దాకా కొలిచి చెప్పే పట్టికలు మొదలుపెట్టడానికి పనికొస్తాయి. ఆర్డర్ పెట్టేది మాత్రం ఈ గీత చూసే. గ్రిప్ మందం గ్లవ్ సైజుని బట్టి షాపువాళ్ళు చెప్తారు, దాంట్లో పెద్ద చిక్కు లేదు.

ఏ అంకెలు కొనాలి

ఫోర్ నుంచి పిచింగ్ వెడ్జ్ దాకా సెట్ అంటారు. ఫోర్ ఐరన్ మీకెందుకు? రేంజ్‌లో ఫైవ్, సిక్స్ ఐరన్లతో పదేసి బంతులు కొట్టండి. రెంటి సగటు క్యారీ మధ్య ఎనిమిది గజాలు కూడా తేడా రాకపోతే మీ వేగానికి ఫైవ్ ఐరన్ కూడా పనిచేయట్లేదు. దాని బదులు హైబ్రిడ్ (ఐరన్‌కీ వుడ్‌కీ మధ్య రకం క్లబ్) తీసుకోండి. మన బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్ళింది. పొడవుగా కొట్టేవాళ్ళలో ఆమె పేరు ఎప్పుడూ ఉండదు. ఫెయిర్‌వే వుడ్లు, హైబ్రిడ్లతో గ్రీన్ చేరి, పుటర్‌తో గెలుచుకునే ఆట ఆమెది. హైబ్రిడ్ పట్టుకోవడంలో చిన్నతనమేమీ లేదు.

నేను సిక్స్ నుంచి పిచింగ్ వెడ్జ్, దాంతోపాటు అదే సెట్ గ్యాప్ వెడ్జ్ తీసుకున్నాను. పైన రెండు హైబ్రిడ్లు. వెడ్జ్‌ల మధ్య ఐదారు డిగ్రీలకి మించి ఖాళీ లేకుండా చూసుకోండి. బ్యాగులో 14 క్లబ్బులకి మించకూడదన్న నియమం ఎలాగూ ఉంది, లెక్క ముందే వేసుకోండి.

డబ్బు ఇచ్చేముందు

పెద్ద బ్రాండ్ల కొత్త సెట్ ఇక్కడ లక్ష రూపాయలకి అటూ ఇటూ ఉంటుంది. అంత పెట్టేటప్పుడు ఫిట్టింగ్‌లో తేలిన తల, షాఫ్టు పేరు, పొడవు, లై, లాఫ్టు, గ్రిప్ అన్నీ ఆర్డర్ కాగితం మీద రాయించండి. "స్టాకులో ఉన్నది ఇస్తాం, తర్వాత సర్దుదాం" అంటే ఆగండి. నా మొదటి సెట్ అలా వచ్చిందే.

అంత పెట్టలేనివాళ్ళకి పాత సెట్లు మంచి దారి. క్లబ్బుల్లో రెండేళ్ళకోసారి సెట్ మార్చేవాళ్ళు ఉంటారు, క్యాడీలకి ఆ కబురు ముందే తెలుస్తుంది. రెండు మూడేళ్ళ కిందటి మోడల్‌కీ ఈ ఏటి మోడల్‌కీ మన స్థాయిలో తేడా తెలియదు. కొనేముందు అన్ని షాఫ్టులూ ఒకటేనా, గ్రూవులు (ఫేస్ మీది గాళ్ళు) అరిగాయా, ఐరన్లు పక్కపక్కన నిలబెడితే పొడవు మెట్లుమెట్లుగా వస్తోందా చూడండి. లాఫ్టు, లై కొలిపించడానికయ్యే ఖర్చుని ధరలోనే కలుపుకోండి. ఆన్‌లైన్‌లో సీల్ తీయని కొత్త సెట్ సగం ధరకి కనిపిస్తే ముట్టుకోకండి, నకిలీలు చాలా తిరుగుతున్నాయి. హోసెల్ (తలకి షాఫ్టు దిగే గొట్టం) మీది సీరియల్ నంబర్‌ని అధీకృత డీలర్ దగ్గర సరిచూసుకున్నాకే డబ్బివ్వండి.

సెట్ వచ్చిన వారమే లై, లాఫ్టు మళ్ళీ కొలిపించండి, ఫ్యాక్టరీ నుంచి ఒక డిగ్రీ అటూ ఇటూగా రావడం ఉంది. తర్వాత ప్రతి ఐరన్‌తో 15 బంతులు కొట్టి, సగటు క్యారీలు చీటీ మీద రాసి ఒకటి బ్యాగులో పెట్టుకోండి, ఒకటి క్యాడీకి ఇవ్వండి. మా క్యాడీ అన్నకి ఇస్తే, సెవెన్ ఎదురుగా నేను రాసిన 147 కొట్టేసి 143 అని రాశాడు. రెండు నెలలుగా గ్రీన్‌కి ఆ 143నే వాడుతున్నాం.